దండలకు ముందు చైనా

కృష్ణా జిల్లాలో పెళ్లికి వెళ్లొచ్చానని తెలిసిన దగ్గర్నుంచీ మా స్టాఫ్ రూములో అందరిదీ ఒకటే ప్రశ్న, ఏం పెట్టారని. పెట్టినవన్నీ చెబుతాను. కానీ ముందు చైనా సంగతి చెప్పకపోతే ఆ పెళ్లి మీకు సగమే అర్థమవుతుంది. నవ్వకండి. నంద్యాలలో బండెక్కేటప్పుడు నేను కూడా పట్టుచీర నలుగుతుందేమోనని బెంగపెట్టుకున్నాను గానీ చైనా గురించి కాదు.

నేను హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెబుతాను. చైనా ఎక్కడుందో ఇరవై ఏళ్లుగా పటం మీద బెత్తం పెట్టి పిల్లలకు చూపిస్తున్నాను. అది మా సుగుణ ఇంట్లో కూడా ఉందని మొన్న మార్చి మొదటి వారంలోనే తెలిసింది.

సుగుణ, నేను ట్రైనింగ్ కాలేజీలో ఒకే గదిలో ఉన్నాం. ఆమె పెళ్లి చేసుకుని కృష్ణా డెల్టాలో హనుమాన్ జంక్షన్ దగ్గర ఒక ఊళ్లో స్థిరపడింది. భర్త వెంకట్రామయ్యగారు రైతు, కమ్యూనిస్టు పార్టీ మనిషి. వాళ్ల ఒక్కగానొక్క కూతురు అరుణ పెళ్లికే నా ప్రయాణం.

బెజవాడ, వన్ టౌన్

మీటర్ గేజి బండిలో కూర్చుని కూర్చుని నడుం పట్టేసిన మనిషికి వన్ టౌన్ చూపించకూడదు. తోపుడు బళ్లు, రిక్షాలు, మూటలు మోసేవాళ్లు, మధ్యలో ఒక ఆవు, అందరూ ఒకే సందులోంచి ఒకేసారి వెళ్లాలనుకుంటారు. మిరపకాయల గోడౌను దాటేసరికి తుమ్ములు మొదలై ఆగలేదు. నా రిక్షా అతను వెనక్కి తిరిగి చూసి, కొత్తా అండీ అని ఎంతో మర్యాదగా అడిగాడు. తర్వాత అడ్డొచ్చిన బండివాణ్ణి తిట్టాడు. ఆ తిట్టు చివర కూడా అండీ ఉంది. మా సీమలో తిట్టు తిట్టులాగే ఉంటుంది, మర్యాద మర్యాదలాగే ఉంటుంది. ఇక్కడ రెండూ కలిపి వడ్డిస్తారు.

భోజనం హోటల్లో రెండున్నర రూపాయలు. ఆ ధరకు మా ఊళ్లో ఇద్దరు తినొచ్చు అని సణుక్కుంటూ కూర్చున్నాను. గోంగూర పచ్చడి, కందిపొడి, పైన నెయ్యి, ముద్దపప్పు, రెండు కూరలు, గడ్డ పెరుగు వచ్చాక నోరు మూసుకున్నాను. వడ్డించేవాడు నా ఆకులో అన్నం తగ్గిన ప్రతిసారీ, అడక్కముందే, ఇంకాస్త వేయమంటారా అండీ అంటూ వేసేస్తున్నాడు. వద్దన్న మాట ఆ ఊళ్లో ఎవరికీ వినిపించదు.

పెళ్లికొడుక్కి ఏదైనా ఇవ్వాలి కదా అని ఒక పెన్నుల కొట్టుకు వెళ్లాను. కొట్టతను గాజు పెట్టె కింద నుంచి గుడ్డలో చుట్టిన పెన్ను ఒకటి తీశాడు. బంగారు రంగు మూత, నున్నటి ఒళ్లు, చైనా సరుకు. నేపాల్ మీదుగా వస్తుందట. పక్క బల్ల మీద ఆ రోజు పేపరు పరిచి ఉంది, మొదటి పేజీ నిండా వియత్నాం కొండల్లో చైనా సైన్యం. ఈ వేళలో చైనా పెన్నా అని నేను కాస్త వెటకారంగానే అడిగాను.

ఆయన నొచ్చుకోలేదు. "కోపం పేపర్లోనండీ. పెన్ను మీద ఎవరికండీ కోపం? ఇవాళ పొద్దున్నే నాలుగు పోయాయి" అన్నాడు.

బేరమాడి కొన్నాను. సంచిలో వేసుకున్నాను. ఎంత పెద్ద పొరపాటు చేశానో జంక్షన్ చేరేదాకా తెలియలేదు.

హనుమాన్ జంక్షన్

జంక్షన్ అంటే నిజంగానే జంక్షన్. నాలుగు వైపుల నుంచీ లారీలు, బస్సులు, వాటి మధ్య అరటిగెలలు, కోళ్ల గంపలు. సుగుణ వాళ్ల ఊరి బస్సు ఇప్పుడే పోయిందన్నారు. నేను ఎక్కడికెళ్లినా బస్సు ఇప్పుడే పోతుంది. ఉసూరుమంటూ ఒక టీ కొట్లో కూలబడ్డాను.

ఆ కొట్టు గోడ మీద సుద్దతో రాసి ఉంది: చైనా గురించి మాట్లాడేవారు బయటి బల్ల మీద కూర్చోవలెను. ఇదేమిటని అడిగితే, కొట్టు యజమాని పగిలిన గ్లాసులున్న బుట్ట చూపించాడు. రెండు వారాలుగా ఇదే గోలట. బయటి బల్ల మీద అప్పటికే నలుగురు ఉన్నారు, గ్లాసులు లేకుండా. వాళ్ల గొంతులు రోడ్డు అవతలికి వినిపిస్తున్నాయి.

సంగతేమిటంటే, మీలో పేపరు చదవని వాళ్లకోసం చెబుతున్నాను, ఈ డెబ్బై తొమ్మిది మొదట్లో వియత్నాం, తన పక్కనున్న కంబోడియాలోకి వెళ్లి అక్కడి ప్రభుత్వాన్ని దింపేసింది. ఆ ప్రభుత్వం చైనాకు కావలసింది. అందుకని చైనా, వియత్నాంకు గుణపాఠం నేర్పుతానని సరిహద్దు దాటింది. ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్న మనిషిగా నాకు ఆ మాటే ఒళ్లు మండించింది. తంతే పాఠం వచ్చేటట్టయితే మా ఏడో తరగతి అంతా ఈపాటికి కలెక్టర్లు కావాలి.

ఆ జిల్లాలో సగం మందికి చైనా ఎర్రజెండా దేశం, వియత్నాం కూడా ఎర్రజెండా దేశం. సొంత అన్నదమ్ములు రచ్చకెక్కినట్టు కుమిలిపోతున్నారు.

టీ ముప్పై పైసలు, బాగుంది. యజమాని నా సూట్‌కేసు చూసి ఏ ఊరు వెళ్లాలని అడిగాడు. చెప్పాను. అతని మొహం వెలిగిపోయింది. "ఓహో, చైనా పెళ్లికా అండీ!" అన్నాడు. బయటి బల్ల మీది నలుగురూ మాట్లాడటం ఆపి నావైపు తిరిగారు. ఒకతను లోపలికి తల పెట్టి, పెళ్లి అవుతుందంటారా అని నన్నే అడిగాడు.

అసలు ఎందుకు కాదో నాకు తెలియదు.

సుగుణ వాళ్ల ఊరు

బస్సు దిగేసరికి కాలవ గట్టు మీద సుగుణ నిలబడి ఉంది. కాలవ నిండా నీళ్లు. మార్చిలో అన్ని నీళ్లు చూస్తే మా వైపు వాళ్లకు కళ్లు చెమర్చడం మామూలే. సుగుణ కళ్లు కూడా తడిగానే ఉన్నాయి గానీ నీళ్లు చూసి కాదు. "వచ్చావా రాజ్యం, పందిరైతే వేశాం గానీ..." అని ఆగిపోయింది.

ఆ వైపు పార్టీ కుటుంబాల్లో పెళ్లికి పురోహితుడు ఉండడు. పందిట్లో స్టేజీ కడతారు. ఒక పెద్దమనిషి అధ్యక్షత వహిస్తాడు. వక్తలు మాట్లాడతారు. చివర పిల్లా పిల్లాడూ దండలు మార్చుకుని కాగితం మీద సంతకం పెడతారు, అంతే. అయితే దండలకు ముందు ప్రపంచ పరిస్థితి మీద ఒక ఉపన్యాసం ఉండి తీరాలి. దండలు ముందు వేయించేస్తే జనం భోజనాలకు లేచిపోతారు కాబట్టి ఆ వరస ఎవరూ మార్చరు. ఒక పెళ్లిలో వక్త ఆఫ్రికా ఖండం తిరిగొచ్చేసరికి పెళ్లికూతురి చేతిలో దండ వాడిపోయిందట.

పెళ్లికొడుకు శాంతికుమార్ కాలవ అవతలి పేటలో యోహాను మాస్టారి అబ్బాయి. ఏలూరులో టెలిఫోన్ ఆఫీసులో పని. వాళ్లు క్రైస్తవులు, ఊరు దూరంగా ఉంచిన పేటవాళ్లు. పిల్ల బాప్తిస్మం తీసుకోలేదు కాబట్టి పాస్టరుగారు ఈ పెళ్లి చేయరు. వెంకట్రామయ్యగారి గడప పురోహితుడు తొక్కడు. ఇక ఈ పిల్లలకు మిగిలింది ఆ స్టేజీ ఒక్కటే. ఇప్పుడు ఆ స్టేజీయే రెండుగా చీలేటట్టుంది.

తండ్రులిద్దరూ పాత స్నేహితులు. అమెరికాతో యుద్ధమప్పుడు వియత్నాం కోసం ఇంటింటికీ తిరిగి గుప్పెడు బియ్యం పోగు చేశారు. నాలుగేళ్ల క్రితం వియత్నాం గెలిచిన రోజున ఒకే ఎడ్లబండి మీద నిలబడి ఊరేగారు, ఊరంతటికీ పాయసం పోయించారు. ఆ పాయసం పంచేటప్పుడే పిల్లా పిల్లాడూ ఒకరినొకరు చూసుకున్నారని సుగుణ అనుమానం. ఇప్పుడు పందిట్లో చైనాను ఖండిస్తూ తీర్మానం చేయాలని మాస్టారి పట్టు. నా ఇంటి ముందు పందిట్లో చైనాను ఒక్క మాట అననివ్వనని వెంకట్రామయ్యగారి పట్టు.

మీ ఆయనకు అంత పట్టింపు దేనికే అని అడిగాను. సుగుణ కాలవ వైపు చూస్తూ చెప్పింది. అరవై రెండులో చైనాతో యుద్ధమప్పుడు పోలీసులు ఆయన్ని తీసుకెళ్లారట. చైనాది తప్పని ఒక్క మాట రాసిస్తే వదిలేస్తామన్నారు. ఆయన రాయలేదు. కొన్ని నెలలు జైల్లో ఉన్నారు. అరుణ అప్పుడు చిన్నపిల్ల, వీధిలో పిల్లలు చైనావాడి కూతురని ఏడిపించేవాళ్లు. "ఆ మాట ఇప్పుడంటే ఆ జైలుకు ఎందుకు వెళ్లినట్టే రాజ్యం? ఆయన అనలేరు" అంది.

సాయంత్రం అరుగు మీద రేడియో చుట్టూ జనం చేరారు. మాస్టారు కూడా కాలవ దాటి వచ్చారు. సన్నటి మనిషి, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా. చైనా తన సైన్యాన్ని వెనక్కి పిలుస్తున్నట్టు ప్రకటించిందని వార్త వచ్చింది. గొడవ తీరిపోయిందని నేను గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. నా అమాయకత్వం చూడండి.

వెంకట్రామయ్యగారు తొడ చరిచారు. "చూశారా కామ్రేడ్? నేర్పుతామన్నారు, నేర్పారు, వచ్చేస్తున్నారు."

"ఎవరు నేర్చుకున్నారండీ?" అన్నారు మాస్టారు. ఆయన గొంతు పెరగలేదు. "వియత్నాం కంబోడియాలోంచి ఒక్క మనిషినైనా వెనక్కి పిలిచిందా? అంత పెద్ద దేశం, అంత సైన్యం. పక్కింటివాడి చేత కూడా ఔననిపించుకోలేక తిరిగొస్తోంది. దాన్ని మీరు గెలుపంటే నేను వినలేనండీ."

తర్వాత మాటలు పెరిగాయి. అవన్నీ రాయను. ఇన్నేళ్లూ కామ్రేడ్ అని పిలుచుకున్న మనుషులు ఆఖరికి పేరు పక్కన గారు తగిలించుకుని మాట్లాడుకున్నారు. అది తిట్టుకంటే అధ్వాన్నంగా ఉంది. అయితే పెళ్లికి ఇంకో రోజు చూద్దాం వెంకట్రామయ్యగారూ అని మాస్టారు చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు. లోపల బూరెలకు పూర్ణం ఉండలు చేస్తున్న ఆడవాళ్ల చేతులు ఆగిపోయాయి.

కాలవ అవతల

తెల్లవారాక అరుణ వచ్చి నా పక్కన కూర్చుంది. "పిన్నీ, నాతో ఒకచోటికి వస్తారా?" అంది. ఎక్కడికని అడగలేదు. మా వైపు పెళ్లినాటి పొద్దున పెళ్లికూతుర్ని గడప దాటనివ్వరు, మగపెళ్లివారి ఇంటికి నడిచి వెళ్లడమంటే కొంప మునిగినట్టే. ఈ పిల్ల నూలు చీర కట్టుకుని, చేతికి గోరింటాకుతో, పట్టపగలు అందరూ చూస్తుండగా కాలవ వంతెన దాటింది. వెనక నేను, సంచి చంకన పెట్టుకుని.

మాస్టారు పడక కుర్చీలో ఉన్నారు, రాత్రంతా నిద్రలేని మొహంతో. ఆయన భార్య మరియమ్మగారు మమ్మల్ని చూసి మారు మాట్లాడకుండా కాఫీ కలపడానికి వెళ్లారు. శాంతికుమార్ తలుపు దగ్గర నిలబడి అరుణను చూశాడు, నేలను చూశాడు. అరుణ చిన్నప్పుడు ఈ మాస్టారి బడిలోనే చదువుకుంది. అందుకే కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మాస్టారూ, గుప్పెడు బియ్యం అడగటానికి నన్ను ఇంటింటికీ తీసుకెళ్లింది మీరే కదండీ" అని మొదలుపెట్టింది. "అంత పెద్ద అమెరికా చెప్పినా వాళ్లు వినలేదని మీరే మాకు గర్వంగా చెప్పారు. ఇప్పుడు చైనా చెప్పినా వినలేదు. మరి మా పెళ్లి మాత్రం చైనా మూలంగా ఆగిపోవాలాండీ?"

మాస్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "మీ నాన్న ఒక్క మాట అంటే చాలమ్మా. పందిట్లో కాకపోయినా సరే, నాతో."

"నాన్న అనలేరండీ. నేను అడగలేను. మీరూ అడక్కండి."

కాఫీలు వచ్చాయి. నేను తాగేశాను, ఇంకేం చేయను? చివరికి మాస్టారు, ప్రపంచ పరిస్థితి లేకుండా పందిట్లో పెళ్లి ఎలా చేస్తామమ్మా, జనం నవ్వరూ అన్నారు. అప్పటికి ఆయన సగం దిగొచ్చారని నాకు తెలిసిపోయింది.

"ఉంటుందండీ. కాకపోతే ముందు దండలు వేసుకుంటాం. తర్వాత మీరిద్దరూ ఎంతసేపు మాట్లాడుకున్నా వింటాం" అంది అరుణ.

"తర్వాత ఎవరుంటారమ్మా వినడానికి?" అని ఆయన నవ్వారు. ఆ నవ్వు చూసి మరియమ్మగారు కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. అధ్యక్షత ఎవరిదన్న చిక్కు మిగిలింది. ఊళ్లో ఎవరిని పెట్టినా ఏదో ఒక పక్షమే. మాస్టారు నావైపు తిరిగి, టీచరమ్మగారిది ఏ పార్టీ అని అడిగారు. మా ఊళ్లో ఉన్నది కుళాయి ఎప్పుడొస్తుందా అని చూసే పార్టీ ఒక్కటేనని చెప్పాను. దానితో నాకు అధ్యక్ష పదవి ఖాయమైంది.

పందిరి

వెంకట్రామయ్యగారికి సంగతి చెబితే ఎగిరిపడతారనుకున్నాను. ఆయన కూతురి మొహం చూసి, నా మొహం చూసి, "నువ్వు ఎలా అంటే అలాగే చెల్లెమ్మా" అని కండువా దులుపుకుని లేచారు. రాత్రి ఆయన కూడా నిద్రపోలేదు.

జనం విరగబడి వచ్చారు. జంక్షన్ నుంచి టీ కొట్టతను, బయటి బల్ల నలుగురూ కూడా దిగారు. వాళ్లు పెళ్లికి రాలేదు, గొడవకు వచ్చారు. నేను మైకు ముందు నిలబడి, సీమ నుంచి వచ్చానని, మాకు ఉపన్యాసాలు చేతకావని, ముందు దండలని చెప్పేశాను. పందిట్లో గుసగుసలు లేచాయి. ఒక ముసలాయన, ఇదేం వరసండీ అని పైకే అన్నాడు. అప్పటికే అరుణ దండ వేసేసింది. శాంతికుమార్ చేతులు తడబడి దండ ఆమె జడలో చిక్కుకుంటే ఆడవాళ్లందరూ నవ్వారు. ఆ నవ్వుతో పందిరి తేలికైపోయింది.

సంతకాలకు పెన్ను కావలసి వచ్చింది. నేను తొందరలో సంచిలోంచి చేతికందింది తీసి ఇచ్చాను. అరుణ పెట్టింది, పిల్లాడు పెట్టాడు, మాస్టారి చేతికి వెళ్లింది. అప్పుడు గానీ నాకు గుర్తు రాలేదు అది ఏ పెన్నో. మాస్టారు బంగారు మూత వైపు చూశారు, మూత మీది చైనా అక్షరాల వైపు చూశారు, కళ్లద్దాల పైనుంచి నా వైపు చూశారు. తర్వాత వంగి తన పేరు ముత్యాల్లా రాశారు.

"రాత బాగుంది" అని పెన్ను వెంకట్రామయ్యగారికి అందించారు.

అనుకున్నట్టే దండలు పడగానే జనం ఆకుల వైపు కదిలారు. అధ్యక్షురాలిగా నా ధర్మం కాబట్టి ఇప్పుడు ప్రపంచ పరిస్థితి అని ప్రకటించాను. మాస్టారు మైకు దగ్గరికి వచ్చి, ఖాళీ అవుతున్న పందిరిని ఒకసారి చూశారు. "ప్రపంచ పరిస్థితి బాగాలేదు. బాగుపడుతుంది. భోజనాలకు పదండి" అన్నారు. ఆ జిల్లా చరిత్రలో ఇంత పొట్టి ఉపన్యాసం లేదని బయటి బల్ల నలుగురూ ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు.

బంతి

ఇక మీరు అడిగింది. పులిహోర, పూర్ణం బూరెలు, బూరెలో గుంట చేసి అందులో నెయ్యి, గుమ్మడికాయ పులుసు, వంకాయ కూర, గోంగూర, అప్పడాలు, గడ్డ పెరుగు. కాలవకు రెండు వైపుల వాళ్లూ కలిసి ఒకే బంతిలో కూర్చున్నారు. ఇది అన్ని ఊళ్లలో జరిగేది కాదు. అక్కడ కూడా కొందరు రైతులు పనుందని ముందే వెళ్లిపోయారు. కూర్చున్నవాళ్లు మాత్రం చాలామందే.

తండ్రులిద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టారు. నేను ఎదురు వరసలో ఉన్నాను. మాస్టారు నెమ్మదిగా తింటున్నారు. వెంకట్రామయ్యగారి ఆకులో బూరె అలాగే ఉంది, అన్నం కలిపి వదిలేశారు. రైలు కోసం చూస్తున్నవాడిలా దూరంగా ఎటో చూస్తున్నారు. సుగుణ పెరుగు గిన్నె పట్టుకుని వరస వెంట వడ్డిస్తూ వాళ్ల ముందుకు వచ్చింది.

అప్పుడు వెంకట్రామయ్యగారు తల తిప్పకుండానే, పక్కనున్న మనిషికి మాత్రమే వినిపించాలన్నట్టు, చిన్నగా అన్నారు.

"బావగారూ, చైనా తప్పు చేసిందండీ."

మాస్టారి చెయ్యి ఆకు మీద ఆగిపోయింది. వియ్యంకులు ఒకర్నొకరు బావగారని పిలుచుకోవడం లోకంలో ఉన్నదే. కానీ కాలవ ఇవతలి ఇంట్లోంచి కాలవ అవతలి పేటకు ఆ పిలుపు అంతకుముందు ఎప్పుడూ వెళ్లలేదు. అరవై రెండులో పోలీసులు రాయమంటే రాయని మాట కూడా ఆ పిలుపు వెంటే వచ్చింది. సుగుణ గరిటె గాల్లో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు, గోంగూర కారమని పక్కావిడతో అబద్ధం చెప్పాను.

మాస్టారు ఔనని గానీ, చెప్పానా అని గానీ అనలేదు. తల పైకెత్తి సుగుణను చూశారు.

"అమ్మా, ముందు మా బావగారికి వెయ్యండి. పొద్దున్నుంచీ ఏం తిన్నట్టు లేరు" అన్నారు.